ఆడక ఆగిన షో కాదు ‘ది యంగ్ వన్స్’

బీబీసీ పాత కామెడీల ప్రస్తావన వస్తే చాలు, ఒకటే పోస్టు తిరుగుతోంది. ఒకే ఇంట్లో ఉండే నలుగురు కాలేజీ కుర్రాళ్ల కామెడీ ‘ది యంగ్ వన్స్’ని జనం చూడలేదట, అందుకే 12 ఎపిసోడ్లకే బీబీసీ పీకేసిందట, కథా కమామిషూ ఏమీ లేవట, టైమ్ నింపడానికి మ్యూజిక్ బ్యాండ్లను తెచ్చి పెట్టారట, పైగా కంటికి ఆనకుండా బొమ్మలు చొప్పించి చూసేవాళ్ల బుర్రలోకి ఏదో ఎక్కించారట. 12 అన్న అంకె నిజం, బొమ్మలు ఉన్నమాటా నిజం. మిగతాదంతా తప్పు.

రోజూ వచ్చే సీరియళ్లకు అలవాటు పడ్డ మనకు 12 అంటే ఏదో మధ్యలో ఆపేసినట్టే అనిపిస్తుంది. బ్రిటన్‌లో ఒక్కో సిరీస్‌కి ఆరేసి ఎపిసోడ్లు తీయడం మామూలే. బీబీసీ వాళ్లదే మరో కామెడీ ‘ఫాల్టీ టవర్స్’ 1975లో 6, 1979లో 6, అంతే, దాన్ని ఫ్లాప్ అనే ధైర్యం ఎవరికుంది? ‘ది యంగ్ వన్స్’ 1982 నవంబరులో బీబీసీ2లో మొదలై 1984 జూన్‌లో ముగిసింది, ఆ తర్వాత ఉత్తమ కామెడీ సిరీస్‌గా బ్రిటన్ సినిమా, టీవీ అవార్డు బాఫ్తా కూడా గెలుచుకుంది. అందులో హిప్పీ నీల్‌గా వేసిన నైజెల్ ప్లానర్ అదే వేషంతో పాడిన పాట 1984లో బ్రిటన్ చార్టుల్లో 2వ స్థానం దాకా వెళ్లింది. 1986లో ఆ నలుగురు నటులూ గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌తో కలిసి కామిక్ రిలీఫ్ అనే సేవాసంస్థ కోసం పాడిన ‘లివింగ్ డాల్’ అయితే ఏకంగా నంబర్ వన్. ఎవరూ చూడని షోలోని పాత్రల పాటలను జనం ఇంతలా కొంటారా? చివరి ఎపిసోడ్‌లో ఆ నలుగురూ ఉన్న డబుల్ డెక్కర్ బస్సు కొండ అంచు మీంచి పడి పేలిపోతుంది. బెన్ ఎల్టన్, రిక్ మాయల్, లీజ్ మేయర్ కూర్చుని రాసుకున్న ముగింపు అది. మళ్లీ వెనక్కి వచ్చే ఆలోచన ఉన్నవాళ్లు హీరోలందరినీ అలా చంపుకోరు.

కథ లేదంటే మాత్రం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ‘బాంబి’ అనే ఎపిసోడ్ చూడండి. రైల్లో కిటికీ బయటికి తల పెట్టవద్దని రాసి ఉంటే, నలుగురిలో ఒకడైన వివియన్ సరిగ్గా అదే పని చేస్తాడు, తల తెగి పట్టాల మీద పడుతుంది, మొండెం దాన్ని వెతుక్కుంటూ వస్తుంది, తలేమో మొండేన్ని తిడుతుంది. తర్వాత వాళ్లంతా ‘యూనివర్సిటీ ఛాలెంజ్’ క్విజ్‌కి వెళ్తారు. అసలు క్విజ్‌లో రెండు జట్లూ తెర మీద ఒకదానిపైన ఒకటి కనపడేవి, అది కెమెరా ఏర్పాటు మాత్రమే. ఇక్కడ నటులు స్టీఫెన్ ఫ్రై, హ్యూ లారీ, ఎమ్మా థాంప్సన్ ఉన్న గొప్పింటి జట్టు నిజంగానే మనవాళ్ల నెత్తిన కూర్చుని ఉంటుంది. బ్రిటన్ చదువుల్లో ఎవరు పైన, ఎవరు కింద అన్నది ఒక్క సెట్టుతో చూపించేశారు. నోటికొచ్చింది రాసేస్తే ఇది కుదరదు.

ఇక బ్యాండ్లు. మామూలు కామెడీ సీరియల్ కంటే, పాటలూ ఆటలూ కలిపిన వెరైటీ షోకి బీబీసీ ఎక్కువ డబ్బు ఇచ్చేది, ఆ లెక్కలోకి రావడానికే మ్యాడ్‌నెస్, మోటర్‌హెడ్ లాంటి బ్యాండ్లు ఆ కుర్రాళ్ల ఇంట్లో వాయించాయి. టైమ్ నింపడానికే అయితే ‘ఫ్లడ్’ ఎపిసోడ్‌లో బ్యాండ్ బదులు సింహాలను ఆడించేవాడిని ఎందుకు తెచ్చారు?

ఆ రహస్య బొమ్మలు రెండో సిరీస్‌లో ఒక్క క్షణం కూడా నిలవవు. తెర మీద దాచిన సందేశాలతో జనాన్ని మార్చేస్తారన్న అప్పటి భయాన్ని ఆటపట్టించడానికే పెట్టారు. టేపు ఆపి చూస్తే అక్కడ ఉండేది గెంతుతున్న కప్ప, ఎగురుతున్న పావురం.