బుడగలు లెక్కపెట్టడం ఆపి ఇన్సులిన్ సంగతి చూడండి

హన్మకొండలో ఇంటర్ చదివే అమ్మాయికి రెండు నెలలు పీరియడ్స్ రాకపోతే మొదట తీసుకెళ్లేది స్కానింగ్ సెంటర్‌కే. అండాశయం అంచు వెంట చిన్న ఫాలికల్స్ ఉన్నాయని రిపోర్టు ఇస్తారు, పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనేస్తారు. ఇంటికొచ్చేసరికి అవి 'నీటి బుడగలు' అవుతాయి, పిల్లలు పుడతారో లేదోనన్న దిగులూ మొదలవుతుంది. అవి బుడగలూ కావు, గడ్డలూ కావు. 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గర ఎదుగుదల ఆగిన అండపు సంచులు. ఎందుకు ఆగాయో స్కాన్ చెప్పదు.

చాలామందిలో మూలం ఇన్సులిన్. కండరాలు దాని మాట వినకపోతే క్లోమం ఇంకా ఇంకా వదులుతుంది. కాకతీయ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లందడం లేదని తూము మరింత ఎత్తితే, తూము పక్క మడి మునగదా? అండాశయం ఆ మడి. అక్కడ అండపు సంచుల చుట్టూ ఉండే థీకా కణాలకు ఇన్సులిన్ మాట బాగానే వినబడుతుంది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్‌ హార్మోన్‌తో కలిసి వాటి చేత టెస్టోస్టెరాన్ లాంటి పురుష హార్మోన్లు (ఆండ్రోజెన్లు) ఎక్కువ చేయిస్తుంది. అటు కాలేయంలో టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తగ్గి, పట్టు తప్పిన టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. అందుకే మొత్తం టెస్టోస్టెరాన్ మామూలుగా కనబడినా గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తాయి. ఐజీఎఫ్-1 అనే వృద్ధి కారకానికి కళ్లెం వేసే ప్రొటీన్ కూడా తగ్గి, ఆ కారకమూ థీకా కణాల మీదే పడుతుంది. పోగైన చిన్న ఫాలికల్స్ నుంచి ఏఎంహెచ్ అనే హార్మోన్ పెరిగి, ఫాలికల్‌ను పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్‌ హార్మోన్ పనికి అడ్డుపడుతుంది. ఇక ఏ ఫాలికలూ పెద్దదై అండం విడవదు.

సన్నగా ఉన్నవాళ్లకూ పీసీఓఎస్ వస్తుంది కదా అంటారు. వస్తుంది. పెద్దవాళ్లలో స్కాన్‌కు చోటుంది కూడా. కానీ తొలి రజస్వల నుంచి 8 ఏళ్ల లోపు రోగ నిర్ధారణకు స్కాన్ గానీ ఏఎంహెచ్ గానీ వాడొద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేశాయి. ఆ వయసులో ఆరోగ్యవంతుల అండాశయాలూ అలాగే కనబడొచ్చు మరి!

చేయాల్సింది నడుం చుట్టుకొలత, బీపీ, గ్లూకోజు పరీక్ష. మన ఆడవాళ్లకు నడుం 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. పరగడుపు షుగర్ ఒక్కటే చూసి 'నార్మల్' అనేస్తే చాలామంది తప్పించుకుపోతారు. రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగాలి. 2 గంటల తర్వాత 140 దాటితే ముందస్తు మధుమేహం, 200 చేరితే మధుమేహం. మధ్యలో వాంతి అయితే ఆ లెక్క చెల్లదు, ఇంకో రోజు చేయాలి. బయటికెళ్లి చాయ్ తాగొచ్చినా అంతే.

2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ఆరోగ్య మహిళ పథకం మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించింది. మంచిదే. కానీ మన వైద్యం మందుల లెక్క చూసుకుంటుంది, రోగి సమయం లెక్క చూడదు. పరకాల నుంచి పరగడుపున బస్సెక్కిన పిల్లను 11 గంటల దాకా ఓపీ లైన్లో నిలబెడితే రెండో రక్తం ఒంటిగంటకు. అప్పటికి ఆమె అటుకులో, సమోసానో తినేసి ఉంటుంది. ఈ పరీక్షకు వచ్చినవాళ్లకు 9కే గ్లూకోజు ఇచ్చి కూర్చోబెట్టాలి, చీటీ తర్వాత రాసుకోవచ్చు.