‘ఓపీపీ’తో మొదలైతే అన్నీ ఒకటేనా?

ఈ మధ్య వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. మా చుట్టాల గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: గవర్నమెంట్ అంటే లాటిన్‌లో ‘మనసును అదుపు చేయడం’ అట. ఇంగ్లీషులో ఓపీపీ అక్షరాలతో మొదలయ్యే అపోజిషన్, అప్రెషన్ రెండూ ‘ఆప్’ అనే లాటిన్ మాటలోంచి పుట్టాయట, ఆప్ అంటే ‘వ్యతిరేకం’ కాబట్టి ప్రతిపక్షమూ అణచివేతా అసలుకి ఒకటేనట. ప్రొటెస్ట్‌లోని ‘టెస్ట్’ రోమన్ మగాళ్లు వృషణాల మీద చెయ్యి పెట్టుకుని వేసిన ఒట్టట. రెబల్ అంటే మళ్లీ యుద్ధం చేసేవాడట. చివర్లో ‘ఇవి స్కూల్లో చెప్పరు’ అని ఒక ముక్క. చెప్పరు మరి, చాలావరకు తప్పులే కాబట్టి.

ముందు గవర్నమెంట్. దీని మూలం లాటిన్‌లో ‘గుబెర్నారే’, దానికి ముందు గ్రీకులో ‘కుబెర్నాన్’. అర్థం ఓడ చుక్కాని పట్టడం. మన కర్ణధారుడు చేసే పని కూడా అదే, అక్కడ కర్ణం అంటే చెవి కాదు, చుక్కాని. 1948లో అమెరికన్ గణితవేత్త నోర్బర్ట్ వీనర్, యంత్రాల్లోనూ జీవుల్లోనూ నియంత్రణ ఎలా జరుగుతుందో చెప్పే తన శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టుకున్నదీ ఈ గ్రీకు మాటల కుటుంబం నుంచే. ఇక ‘మెంట్’. లాటిన్‌లో మనసుని ‘మెన్స్’ అంటారు, మెంటల్ దాని పిల్లే. కానీ గవర్నమెంట్ తోకలో ఉన్నది ‘మెంతుమ్’ అనే ప్రత్యయం, క్రియని నామవాచకం చేసేది. డాక్యుమెంట్, ఆర్నమెంట్‌లోనూ అదే. ఆర్నమెంట్ అంటే మనసుకి తొడిగిన నగ అని ఎవరూ అనరు కదా! అయితే ఈ పొరపాటు పూర్తిగా గాల్లోంచి ఊడిపడలేదు. ఫ్రెంచిలో ‘మెల్లగా’ లాంటి క్రియావిశేషణాల చివర కూడా ఇవే అక్షరాలు వస్తాయి. అక్కడివి మాత్రం నిజంగానే ‘మెన్స్’ నుంచి వచ్చినవి.

అసలు గొడవంతా రెండో పాయింటులో ఉంది. లాటిన్‌లో ‘ఆప్’ అనే మాట లేదు, ‘ఆబ్’ అనే ఉపసర్గ ఉంది. సత్ పక్కన జనుడు వస్తే సజ్జనుడైనట్టు, ఆబ్ పక్కన ‘ప’ వస్తే ఆప్ అవుతుంది. అంటే సంధి. పోనీ ఆబ్‌కి అర్థం వ్యతిరేకమేనా? ఎదురుగా, వైపుగా, ముందు, అడ్డంగా, ఇలా చాలా ఉన్నాయి. ఆపర్చునిటీ చూడండి. ‘పోర్టుస్’ అంటే రేవు. ఓడని రేవు వైపు తోసే గాలి దొరికితే అది ఆపర్చునిటీ. ఒబే ఇంకా బాగుంటుంది. ఆబ్‌కి ‘ఔదీరే’, అంటే వినడం, కలిస్తే ఆ మాట వచ్చింది. మనం పిల్లల గురించి ‘మాట వింటాడు’ అంటామే, అదే. ఆబ్ అంటే వ్యతిరేకమే అయితే ఒబే అంటే ఎదురు చెప్పడం కావాలి.

ఉపసర్గ కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ప్రతిపక్షం, ప్రతిఫలం, ప్రతిదినం, ప్రతిమ అన్నిట్లోనూ ‘ప్రతి’ ఉంది, ప్రతిమని పట్టుకుని ఎవరికి వ్యతిరేకం అని అడుగుతామా? చూడాల్సింది తర్వాతి ముక్క. అపోజిషన్‌లో అది ‘పోనెరే’, అంటే పెట్టడం. ఎదురుగా పెట్టినది అపోజిషన్. ఇంగ్లీషులో ఈ మాట మొదట 14వ శతాబ్దంలో ఖగోళ శాస్త్రంలో వాడారు, రాజకీయాల్లోకి తర్వాత వచ్చింది. పున్నమినాడు చంద్రుడు సూర్యుడికి అపోజిషన్‌లో ఉంటాడు. అంతమాత్రాన సూర్యుణ్ణి అణచివేస్తున్నట్టా? 1826లో బ్రిటిష్ పార్లమెంటులో జాన్ కామ్ హాబ్‌హౌస్ అనే సభ్యుడు ‘రాజుగారి ప్రతిపక్షం’ అని సరదాకి అంటే ఆ మాట నిలిచిపోయింది. మన దగ్గర 1977 చట్టం పార్లమెంటులో ప్రతిపక్ష నేతకి ప్రభుత్వ ఖజానా నుంచే జీతం ఏర్పాటు చేసింది.

అప్రెషన్‌లో ఉన్నది వేరే క్రియ, ‘ప్రెమెరే’, అంటే నొక్కడం. ప్రింటింగ్ ప్రెస్సు, బీపీలోని ప్రెషర్, సప్రెస్, డిప్రెషన్ అన్నీ ఈ ఇంటివే. మీద బరువు వేసి నొక్కేస్తే అప్రెషన్. తెలుగు ఇంకో అడుగు ముందుకేసి ‘అణగదొక్కడం’ అంటుంది, అందులో కాలు కూడా కనిపిస్తుంది.

ప్రొటెస్ట్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. ‘తెస్తిస్’ అంటే సాక్షి. ఇద్దరి తగువులో పక్కన నిలబడ్డ మూడోవాడు అని దాని తొలి అర్థంగా పండితులు చెబుతారు. ఆ ఒట్టు కథకి ఆధారం లేదు. ప్రొటెస్ట్ అంటే నలుగురి ముందు సాక్షిలా ప్రకటించడం. 1529లో జర్మనీలోని స్పేయర్ నగరంలో జరిగిన సభలో అక్కడి ప్రభువులు ఇచ్చిన అలాంటి ప్రకటన వల్లే క్రైస్తవుల్లోని ప్రొటెస్టెంట్లకి ఆ పేరొచ్చింది.

రెబల్ మాత్రం కరెక్టే, ఒప్పుకుంటాను. ‘రె’ అంటే మళ్లీ, ‘బెల్లుమ్’ అంటే యుద్ధం. ఓడిపోయి లొంగాక మళ్లీ కత్తి పట్టినవాళ్లని రోమన్లు అలా పిలిచేవాళ్లు. టికెట్ రాలేదని నామినేషన్ వేసే మన రెబల్ అభ్యర్థులు ఓడకముందే మొదలుపెడతారు, అంతే తేడా.