శబ్దం పెరిగితే పాట బాగుపడినట్టు కాదు

గత వారంలో ఒకే మెసేజ్‌ను నాకు ఆరుగురు పంపారు. “పది నిమిషాల్లో మీ కంప్యూటర్‌ను స్టూడియోగా మార్చుకోండి” అని మొదలవుతుంది. కింద ఏడు సూచనలు, చివర “పాటలంటే ప్రాణమిచ్చే పదిమందికి పంపండి” అన్న విన్నపం. పంపినవాళ్లలో మా పిన్ని కొడుకు ఒకడు. వాడు పంపి ఊరుకోలేదు, ఏడూ చేసేశాడు. చేశాక ఏమైందో కళ్లారా చూశాను కాబట్టి ఈసారి చదివి వదిలేయలేకపోతున్నాను.

మొదటి సూచన: సౌండ్ సెట్టింగ్స్‌లో 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ పెట్టండి. ఎందుకు? అన్నిటికంటే పెద్ద అంకె కాబట్టి! మన దగ్గరుండే పాటల్లో చాలావరకు 44.1 కిలోహెర్ట్జ్‌వే. 1982లో సీడీ మార్కెట్‌లోకి వచ్చినప్పటి లెక్క అది. అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. దాంతో అందులో సగం, 22 కిలోహెర్ట్జ్ దాకా ధ్వనిని పట్టుకోవచ్చు. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా కిందికి దిగుతుంది. సెట్టింగ్‌ను 384కి మారిస్తే, ఫైల్‌లో లేని విలువలను విండోస్ లెక్కగట్టి మధ్యమధ్యలో నింపుతుంది, అంతే. పాటలో కొత్తగా చేరేది ఏమీ లేదు. ఫైల్ ఎంతుంటే సెట్టింగ్ అంతే పెట్టుకోండి.

ఒక్కో కొలతను ఎంత వివరంగా రాస్తారో చెప్పే బిట్ల దగ్గర మాత్రం మెసేజ్‌లో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. వాల్యూమ్‌ను కంప్యూటర్‌లోనే బాగా తగ్గించి వినేవాళ్లకు 16 కంటే 24 బిట్ మేలు. 16లో వాల్యూమ్ తగ్గించేకొద్దీ సన్నని శబ్దాల వివరం అడుగు నుంచి తెగిపోతూ వస్తుంది. 24లో అలా తెగకుండా 8 బిట్ల జాగా అదనంగా ఉంటుంది.

నాలుగు, ఐదు, ఆరు గురించి ఎక్కువ మాట్లాడను. బంగారు పూత ఉన్న ఖరీదైన యూఎస్‌బీ కేబుల్ వల్ల బేస్ “తియ్యగా” మారదు. ఆ తీగలో వెళ్లేది అంకెలు. అవి సరిగ్గా చేరితే పాట వస్తుంది, చేరకపోతే టప్ టప్ మని చప్పుడో, మధ్యలో ఆగిపోవడమో జరుగుతుంది. కొత్త హెడ్‌ఫోన్‌ను 100 గంటలు మోగించి అప్పుడు వినమంటారు. ఆ 100 గంటల్లో ఎక్కువగా మారేది దానికి అలవాటుపడే మన చెవే. నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు కూడా ఈలోగా దాటిపోవచ్చు. ఎస్‌ఎస్‌డీలో ఉన్న పాట హార్డ్ డిస్క్‌లో పాటకంటే స్వచ్ఛంగా వినిపించదు. రెండింటిలోనూ ఉన్నది ఒకే ఫైల్.

రెండో సూచన అంత తేలికైనది కాదు. “పాత ఎంపీ3 పాటలన్నిటినీ 320కి గానీ ఫ్లాక్‌కి గానీ మార్చి, పాతవి డిలీట్ చేయండి” అంటుంది. 320 అంటే సెకనుకు 320 కిలోబిట్లు (కేబీపీఎస్), ఫ్లాక్ అంటే పాటలో ఏదీ తీసేయకుండా కుదించే ఫైల్ రకం. నాలుగు నిమిషాల పాట సీడీలో సుమారు 42 ఎంబీ. 128 కేబీపీఎస్ ఎంపీ3లో నాలుగు ఎంబీ లోపే. అంత తగ్గిందంటే చాలా తీసి పారేశారనే కదా. 16 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని మామూలుగా ముందే పోతుంది. పోయింది ఫ్లాక్‌లోకి మార్చితే ఎక్కడి నుంచి తిరిగొస్తుంది? నీళ్లు కలిపిన పాలు వెండి గ్లాసులో పోసినా చిక్కబడవు. ఫ్లాక్‌తో పోయేది డిస్క్‌లో జాగా మాత్రమే. 320 ఎంపీ3కి మార్చితే ఇంకా నష్టం, ఎందుకంటే అప్పుడు మరోసారి వడపోత జరుగుతుంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు. ఆ పైన అసలు ఫైల్‌ను చెరిపేయమంటున్నారు! అనుమానముంటే స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ “320” ఫైల్ తెరిచి చూడండి. ఎన్ని కిలోహెర్ట్జ్ దాకా ధ్వని ఉందో చూపే బొమ్మలో పైభాగం నల్లగా ఖాళీగా ఉంటుంది.

ఇక మూడోది. “ఈక్వలైజర్‌లో అన్ని స్లైడర్లూ పైకి నెట్టి, వాల్యూమ్ బూస్టర్‌ను 200 శాతం పెట్టండి.” ఇది రాసినవాళ్ల మీద నాకు నిజంగా కోపం ఉంది.

ఈక్వలైజర్ ఉన్నది బేస్, గొంతు లాంటివాటిని విడివిడిగా పెంచడానికి, తగ్గించడానికి. అన్ని స్లైడర్లూ ఒకేలా పైకి నెడితే అది ఈక్వలైజర్ కాదు, ఇంకో వాల్యూమ్ బటన్. 200 శాతం అంటే 6 డెసిబెల్స్ పెంచడం, అంటే ప్రతి విలువనూ రెట్టింపు చేయడం. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ అనే పైకప్పు ఒకటి ఉంది (ఇది ఫైల్ లోపలి కొలత, చెవికి వినిపించే శబ్దం కొలత వేరు), దాని పైకి వెళ్లడానికి లేదు. ఈ కాలపు పాటలు చాలావరకు ముందే ఆ కప్పును తాకుతూ తయారవుతున్నాయి. వాటిని రెట్టింపు చేస్తే అలల తలలు కప్పు దగ్గర నరికినట్టు చదునవుతాయి. గొంతు గరగరమంటుంది, డప్పు దెబ్బ పగిలినట్టు వినిపిస్తుంది. అసలు పాటలో లేని ధ్వనులు పుట్టుకొస్తాయి.

మరి మా వాడు “సూపర్‌గా ఉందన్నా” అని ఎందుకన్నాడు? శబ్దం పెరిగింది కాబట్టి. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ బాగా తక్కువగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. వాల్యూమ్ పెంచగానే పాట నిండుగా అనిపిస్తుంది. ఆ నిండుదనాన్నే జనం నాణ్యత అనుకుంటున్నారు, ఈ మెసేజ్ బతుకుతున్నది కూడా దాని మీదే. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌కు ఏబీఎక్స్ అనే పరీక్షను జోడించుకోవచ్చు. రెండు ఫైళ్ల శబ్దాన్ని సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా వినండి. ఆ తర్వాత తేడా ఉందని ఎవరైనా చెబితే నేను వింటాను.

పాట పాడవడం ఒక ఎత్తు, చెవి పాడవడం ఒక ఎత్తు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని ఒక లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి 15 నిమిషాలు. అంటే 6 పెంచిన ఆ బూస్టర్ ఒక్క నొక్కుతో సమయాన్ని నాలుగో వంతుకు దించేస్తుంది. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. మా వాడు మూడు రాత్రులు హెడ్‌ఫోన్ పెట్టుకుని అలా విన్నాడు. నాలుగో రోజు పొద్దున చెవిలో హోరు. సాయంత్రానికి తగ్గింది కదా అంటాడు! తగ్గినంత మాత్రాన నష్టం జరగలేదని కాదురా అని ఎన్నిసార్లు చెప్పాలి? ఈక్వలైజర్ వాడాలనుకుంటే ఎక్కువైనదాన్ని తగ్గించండి. ఏదైనా 5 డెసిబెల్స్ పెంచాల్సి వస్తే, ఈక్వలైజర్‌లో మొత్తం శబ్దాన్ని తగ్గించే ప్రీయాంప్‌ను 5 దించండి.

ఏడోది విన్నాక మాత్రం నేను తగ్గాను. “స్పీకర్ పిన్ను సీపీయూ ముందు కాదు, వెనక జాక్‌లో పెట్టండి” అని ఉంది. నిజమే. ముందు జాక్‌కు వెళ్లే తీగ కేబినెట్ లోపల అంత దూరం పోతూ మిగతా భాగాల విద్యుత్ చప్పుడును పట్టుకుంటుంది. మౌస్ కదిపినప్పుడల్లా నాకు వినిపించే సన్నని జర్రుమనే శబ్దం వెనకకు మార్చగానే పోయింది. ఇన్నేళ్లూ హెడ్‌ఫోన్‌లోనే లోపం అనుకున్నాను. వెనక పెట్టినా చప్పుడు పోకపోతే అంకెలను ధ్వనిగా మార్చే డ్యాక్ అనే చిన్న పరికరాన్ని బయట పెట్టుకోవడానికి కొనడంలో అర్థముంది.

ఇంత రాసినవాళ్లు బ్లూటూత్ సంగతి ఎత్తలేదు. కాల్ కోసం మైక్ ఆన్ కాగానే చాలా హెడ్‌సెట్లు హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతిలోకి దిగిపోయి, పాట పాత ఫోన్‌లో విన్నట్టు అయిపోతుంది. ల్యాప్‌టాప్ మైక్‌ను ఎంచుకుంటే చాలు. స్పీకర్లను గోడ మూల నుంచి ముందుకు జరిపి, చెవి ఎత్తులో, మీ వైపు తిప్పి పెట్టండి. ఆ ఏడింటిలో దేనివల్లా రానంత తేడా దీనివల్ల వస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

మా వాడి కంప్యూటర్‌లో బూస్టర్ తీసేశాను. సీడీలున్న పాటలను మళ్లీ ఫ్లాక్‌లోకి ఎక్కిస్తున్నాం. వాళ్ల నాన్న పాత క్యాసెట్ల నుంచి ఒక్కొక్కటీ ఎక్కించిన ఎంపీ3లకు మాత్రం అసలు ఫైళ్లు లేవు. ఆ క్యాసెట్లూ లేవు. 320గా మారినవే మిగిలాయి.