కప్పు తేలేది చివరి ఇరవై నిమిషాల్లోనే

మా నల్లగొండ దిక్కు జాతరల్లో బండలాగుడు చూసినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. విజిల్ పడగానే దుమ్ము రేపుకుంటూ దూకిన జతే గెలవాలని లేదు. ఇచ్చిన టైములో బండ ఎంత దూరం పోయిందన్నదే లెక్క. అలసిపోయాక, మలుపు దగ్గర ఒక గిత్త అర అడుగు వెనకబడితే చాలు, గొలుసు సడలుతుంది. ఆగిన బండను మళ్లీ కదిలించాలంటే ఉన్న సత్తువంతా అక్కడే అయిపోతుంది.

రగ్బీలో స్క్రమ్ నాకు అర్థమైంది ఈ బండ వల్లనే. ఎనిమిది మంది ఒకరినొకరు పెనవేసుకుని, తలలు వంచి, ఎదుటి ఎనిమిది మందిని తోస్తారు. ఒక్కో వైపు సుమారు తొమ్మిది వందల కిలోల బరువు. ముందు వరుసలో అంచున ఉండే ఒక ప్రాప్ తడబడ్డాడా, మొత్తం కూలిపోతుంది. రెఫరీ చెయ్యి లేస్తుంది. పెనాల్టీ, దాన్ని గోల్‌లోకి తన్నితే మూడు పాయింట్లు.

2023 ప్రపంచకప్ సెమీఫైనల్లో దక్షిణాఫ్రికా మీద ఆడిన ఇంగ్లండ్ పని పట్టింది అదే. మన టైము ప్రకారం అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైన ఆట అది. ఆట ముగియడానికి పదకొండు నిమిషాల ముందు దాకా ఇంగ్లండ్ 15-6తో ముందుంది. నాతోపాటు మెలకువగా ఉన్న మా బాపు "ఇగ అయిపోయిందిరా, పండుకో" అన్నాడు. ఆ తర్వాత దక్షిణాఫ్రికా బెంచ్ మీది నుంచి వచ్చిన స్నైమన్ బంతిని గోల్ గీత అవతల నేలకు ఆనించి ట్రై సాధించాడు. బెంచ్ మీది నుంచే వచ్చిన ఆక్స్ ఎన్చే స్క్రమ్‌లో పెనాల్టీ రాబట్టాడు. మొదటి సగంలోనే సబ్‌స్టిట్యూట్‌గా దిగిన పొలార్డ్ దాన్ని దాదాపు యాభై మీటర్ల నుంచి గోల్‌లోకి తన్నాడు. 16-15. ముగ్గురూ మొదటి పదిహేను మందిలో లేనివాళ్లే. క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద, ఫైనల్లో న్యూజిలాండ్ మీద కూడా దక్షిణాఫ్రికా గెలిచింది ఒక్క పాయింటు తేడాతోనే.

అందుకే 2027 అక్టోబర్ 1న ఆస్ట్రేలియాలో మొదలయ్యే ప్రపంచకప్ గురించి ఎవరైనా అడిగితే, స్టార్ ఆటగాళ్ల పేర్లు పక్కన పెట్టి బెంచ్ చూడమంటాను. ఈసారి జట్లు ఇరవై నుంచి ఇరవై నాలుగయ్యాయి. క్వార్టర్స్‌కు ముందు ఇంకో నాకౌట్ రౌండ్ వచ్చి చేరింది. కప్పు ఎత్తాలంటే గ్రూపు దాటాక నాలుగు మ్యాచ్‌లు వరసగా గెలవాలి. పదిహేను మందితో అయ్యే పని కాదు.

ఈ లెక్కన దక్షిణాఫ్రికానే అందరికన్నా ముందు. రెండో సగంలో వాళ్ల ఆట చూడండి. 2025 సెప్టెంబర్‌లో వెల్లింగ్టన్‌లో హాఫ్‌టైమ్‌కు న్యూజిలాండ్ 10-7తో ముందుంది. ఆట ముగిసేసరికి 43-10. ఆల్ బ్లాక్స్ అని పిలిచే ఆ న్యూజిలాండ్ జట్టు చరిత్రలోనే అంత పెద్ద ఓటమి లేదు. నవంబర్‌లో పారిస్‌లోనైతే హాఫ్‌టైమ్‌కు ముందే వాళ్ల ఆటగాడు లూడ్ డి యాగర్‌కు రెడ్ కార్డ్ పడింది. పద్నాలుగు మందితోనే ఆడి ఫ్రాన్స్‌ను 32-17తో ఓడించారు. కోచ్ రాసీ ఎరాస్మస్ బెంచ్ మీద ఒక్కోసారి స్క్రమ్‌లో తోసే ఫార్వర్డ్‌లను ఏడుగురిని, వెనక నుంచి పరుగెత్తే బ్యాక్‌ను ఒకే ఒక్కణ్ని పెడతాడు. ఆ బ్యాక్‌కు దెబ్బ తగిలితే ఏం చేస్తారని విమర్శకులు అడుగుతూనే ఉన్నారు. 2023 ఫైనల్ కూడా దక్షిణాఫ్రికా అలాంటి బెంచ్‌తోనే ఆడి గెలిచింది.

వాళ్లకూ పగుళ్లు లేకపోలేదు. అదే 2025 ఆగస్టులో జొహానెస్‌బర్గ్‌లో ఆస్ట్రేలియా మీద 22-0తో ముందుండి 22-38తో ఓడారు. ఆ మ్యాచ్ తలచుకుంటే నాకిప్పటికీ టెన్షనే. కాళ్లు బరువెక్కినప్పుడు ఎదుటివాడు బంతిని అటూ ఇటూ మార్చి పరుగెత్తిస్తే దక్షిణాఫ్రికా కూడా చెదిరిపోతుందని ఆ రోజు తేలిపోయింది.

ఆ పని చేయగల సత్తా ఫ్రాన్స్‌కు ఉందని నా నమ్మకం. 2025 మార్చిలో డబ్లిన్‌లో ఐర్లాండ్ మీద వాళ్లూ ఏడుగురు ఫార్వర్డ్‌ల బెంచ్‌తో దిగారు. మొదటి సగంలోనే డుపోంట్ మోకాలు దెబ్బతిని బయటికి పోయాడు. ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న ఆటగాడు పోయినా 42-27తో గెలిచారు, ఆ ఏడాది యూరప్‌లోని ఆరు దేశాల టోర్నీ సిక్స్ నేషన్స్ టైటిల్ కూడా వాళ్లదే. ఒక్క మనిషి మీద ఆధారపడని జట్టంటే నాకు గౌరవం. ఇక జపాన్, అమెరికా, సమోవా ఉన్న గ్రూపు వాళ్లకు భారం కాదు.

ఐర్లాండ్ గురించి రాయాలంటే బాధగా ఉంది. 2023 క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్ మీద 24-28తో వెనకబడి, చివర్లో ముప్పై ఏడు ఫేజ్‌ల పాటు, అంటే పడగొట్టిన ప్రతిసారీ మళ్లీ లేచి, బంతిని చేతిలోంచి జారనివ్వకుండా ఆడి కూడా ఓడారు. క్వార్టర్ ఫైనల్ గడప వాళ్లు ఇప్పటిదాకా దాటనే లేదు. 2025 నవంబర్‌లో డబ్లిన్‌లో ఐర్లాండ్ స్క్రమ్‌ను దక్షిణాఫ్రికా ఎంతగా నలిపిందో చూశాక, ఈసారీ కష్టమే అనిపిస్తోంది.

న్యూజిలాండ్‌కు నైపుణ్యం తక్కువేం కాదు, ఆఖరిదాకా ఊపిరి నిలవడమే కష్టంగా ఉంది. పైగా ఆతిథ్య ఆస్ట్రేలియా వాళ్ల గ్రూపులోనే ఉంది. ఆ ఆస్ట్రేలియా కూడా 2025 నవంబర్ యూరప్ పర్యటనలో నాలుగుకు నాలుగూ ఓడింది, సొంత జనం కేకలు ఎంతవరకు కాపాడతాయో చూడాలి. ఇంగ్లండ్ మాత్రం ఆ నవంబర్‌లోనే న్యూజిలాండ్‌ను 33-19తో కొట్టింది. వేల్స్, టోంగా, జింబాబ్వేలతో గ్రూపు కూడా తేలికే. దాన్ని తక్కువ అంచనా వేయను. అర్జెంటీనా గ్రూపులో ఫిజీ ఉంది. 2023లో ఆస్ట్రేలియాను ఓడించిన జట్టు అది, దాంతో జాగ్రత్త.

2025లో హైదరాబాద్ హీరోస్ ఆడిన లీగ్ చూసి మన పిల్లలు కొందరు రగ్బీ అంటే పరుగే అనుకుంటున్నారు. అది ఏడుగురి ఆట, పదహారు నిమిషాల్లో అయిపోతుంది. ఎనభై నిమిషాల ఆటను అర్థం చేసుకోవడానికి పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. పట్టు పట్టడం కబడ్డీలో చూశారు, కలిసి లాగడం జాతరలో చూశారు.

ఈసారి నిద్ర కాచే పని కూడా లేదు. సిడ్నీలో రాత్రి ఎనిమిదికి ఆట అంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. బతుకమ్మ పండుగ రోజుల్లోనే మొదలవుతుంది. ఫైనల్ దక్షిణాఫ్రికా, ఫ్రాన్స్ మధ్యే ఉంటుందని నా అంచనా. అరవయ్యో నిమిషంలో కెమెరా బంతి వెంట పోతుంది. మీరు మాత్రం స్క్రమ్ ముందు వరుసలోకి కొత్తగా దిగిన ముగ్గురి మెడలు చూడండి. ఎవరి మెడ ముందుగా పైకి లేస్తుందో, బండ ఆగేది అక్కడే.