గుట్టు విప్పేది కరెంటే

రహస్య కీతో డేటాకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఏఈఎస్. దాని గణితాన్ని ఇంతవరకు ఎవరూ పనికొచ్చే స్థాయిలో ఛేదించలేదు. అయినా దాన్ని నడిపే చవక చిప్ నుంచి కీ లాగడం బీటెక్ ల్యాబ్ బల్ల మీద అయ్యే పనే. చిప్ లాగే కరెంటు, అది చేసే లెక్కను బట్టి మారుతుందని, అందులోంచి కీ రాబట్టొచ్చని పాల్ కోచర్, జాషువా జాఫే, బెంజమిన్ జున్ 1999లోనే చూపించారు. మన కాలేజీల్లో మాత్రం సెక్యూరిటీ ప్రాజెక్టంటే చాలాచోట్ల ఇంకా సిమ్యులేషన్ స్క్రీన్‌షాట్లే. ఏమీ కొలవకుండా దాన్ని పరిశోధన అనడం మింగుడుపడదు.

ఆర్డ్వినో ఊనో బోర్డులోని ఏటీమెగా 328పీ చిప్‌ను ఊడదీసి బ్రెడ్‌బోర్డు మీద పెట్టి, సప్లై దారిలో 10 నుంచి 50 ఓమ్‌ల రెసిస్టర్ వేయాలి. ఆసిల్లోస్కోప్‌తో చూడాల్సింది దాని మీద పడే వోల్టేజీనే. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. అలవాటు కొద్దీ చిప్ పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడతారు. మామూలు సర్క్యూట్‌లో అది ఉండాల్సిందే, ఇక్కడ మాత్రం మనకు కావాల్సిన ఎగుడుదిగుళ్లను అదే మింగేస్తుంది. చిప్‌లోని అనలాగ్ భాగానికి సప్లై ఇచ్చే ఏవీసీసీ కాలును నేరుగా 5 వోల్టులకు కలిపితే కొంత కరెంటు రెసిస్టర్‌ను తప్పించుకుపోతుంది. దాన్నీ రెసిస్టర్ తర్వాతే కలపాలి.

128 బిట్ల కీని ఒకేసారి ఊహించలేం. కానీ మొదటి రౌండులో ఎస్-బాక్స్ (పట్టిక ప్రకారం ఒక బైటును మరో బైటుగా మార్చే మెట్టు) ఒక్కో బైటు మీదే పనిచేస్తుంది. బైటుకు 256 ఊహలు, 16 బైట్లకు 4,096, అంతే. ప్రతి ఊహకూ, మనం చిప్‌కు ఇచ్చిన ఇన్‌పుట్‌తో, ఎస్-బాక్స్ ఫలితంలో ఎన్ని ఒకట్లు వస్తాయో లెక్కగట్టి, ట్రేసులతో (ఒక్కో ఎన్‌క్రిప్షన్‌కు ఆసిల్లోస్కోప్ గీసిన వోల్టేజీ గీతలతో) కోరిలేషన్, అంటే రెండూ ఎంత కలిసి మారుతున్నాయో చూస్తే సరైన బైటు తల ఎత్తుతుంది. రక్షణ లేని 8 బిట్ల చిప్‌కు కొన్ని వందల ట్రేసులు చాలు. ఎత్తలేదా, ముందు ప్రతి ట్రేసు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్‌ను అనుమానించండి. 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక క్లాక్ అంటే 62.5 నానోసెకన్లు. ట్రేసులు ఆ మాత్రం అటూఇటూ జరిగినా కోరిలేషన్ పలచబడిపోతుంది.

కీ దొరికిందని చెప్పడం ఇప్పుడు థీసిస్ కాదు. అసలు పని రక్షణను పరీక్షించడంలో ఉంది. యాదృచ్ఛిక ఆలస్యాలు చొప్పిస్తే దాడి ఆగదు. ట్రేసులను మళ్లీ వరసలోకి సర్దుకోవచ్చు, కాకపోతే ఎక్కువ ట్రేసులు కావాలి. అసలు విలువను మాస్కు అనే యాదృచ్ఛిక సంఖ్యతో కలిపి దాచే మాస్కింగ్ మెరుగే గానీ, మాస్కునూ మాస్కు వేసిన విలువనూ కంపైలర్ వెంటవెంటనే ఒకే రిజిస్టర్‌లో పెట్టిందంటే, ఆ మార్పులో అసలు విలువే బయటపడుతుంది. సీ కోడ్ ఎంత చదివినా ఇది దొరకదు, అసెంబ్లీ చూడాల్సిందే.

లీకేజీ పరీక్షలో స్థిరమైన ఇన్‌పుట్ ట్రేసులనూ యాదృచ్ఛిక ఇన్‌పుట్ ట్రేసులనూ పోల్చి, టీ విలువ (రెండు గుంపుల సగటుల తేడా ఎంత గట్టిదో చెప్పే అంకె) 4.5 దాటితే లీక్ ఉన్నట్టు తీసుకుంటారు. ఆ రెండు రకాలనూ కలగలిపి తీయాలి. ముందు ఒకటి మొత్తం, తర్వాత రెండోది తీస్తే మధ్యలో చిప్ వేడెక్కిన తేడా కూడా లీక్‌గానే కనిపిస్తుంది.