సవరణ: పందెం గుర్రానికి దాణా, నీళ్లు

"పందెం రోజు పొద్దుగాల కడుపు నిండా దాణా పెట్టాలె, నీళ్లు ఆపాలె" అని మొన్నటి పోస్టులో ఉంది. రెండూ తప్పు. పాలమూరు దిక్కు గుర్రాలు సాకేటోళ్లు ఇట్లా మార్చుకోండి.

దాణా పరుగుకు కనీసం 4 గంటల ముందే అయిపోవాలె, పూటకు 2 కిలోలు దాటొద్దు. గుర్రానికి వాంతి చేసుకునుడు చాతగాదు. దాణా ఎక్కువైతే కడుపునొప్పి ప్రాణం మీదికి తెస్తది. నీళ్లు ఆపొద్దు, మన ఎండల్లో అసలే వద్దు.

అసలు ముప్పు సెలవు రోజుది. పని లేకున్నా ఉలవలు, ఓట్సు ఎప్పటి లెక్కనే పెడితే, మర్నాడు పనికి తీయంగనే పిరుదుల కండలు రాయిలెక్క బిగుస్తయి, మూత్రం కాఫీ రంగులో వస్తది. అప్పుడు నడిపించొద్దు, ఉన్నకాడనే నిలబెట్టి పశువుల డాక్టర్‌ను పిలవండి. సెలవునాడు దాణా సగం చేసి గడ్డి పెంచండి.