సవరణ: గుండె మార్పిడి తరువాత ఛాతీనొప్పి గురించి

గుండె మార్పిడి జరిగినవారికి రక్తనాళాలు మూసుకుపోతుంటే ఛాతీనొప్పి ముందే హెచ్చరిస్తుందని మొన్నటి పోస్టులో రాశాను. అది నా పొరపాటు. తిరుపతిలోని ఒక హృద్రోగ వైద్యురాలు దానిని గుర్తించి చెప్పగా, వైద్య మార్గదర్శకాలతో సరిచూసుకున్నాను.

దాత గుండెను వేరుచేసేటప్పుడు దాని నరాలు తెగిపోతాయి, అవి తిరిగి పూర్తిగా పెరగవు కనుక, గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు ఏళ్ల తరబడి పొడవునా సన్నబడుతున్నా చాలామందికి నొప్పి తెలియదు. ఆయాసం, నీరసం, ఒక్కోసారి నేరుగా గుండె వైఫల్యమే మొదటి గుర్తు కావచ్చు. బాగానే ఉన్నామనిపించినా యాంజియోగ్రామ్ వంటి పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవలసింది ఇందుకే. చిత్తూరు పల్లెల నుంచి తిరుపతికి పరీక్షకు రావలసినవారెవరూ నా పాత వాక్యాన్ని నమ్మి ఆగిపోవద్దు.

కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందు మూత్రపిండాలను దెబ్బతీయగలదని అదే పోస్టులో రాసిన మాటలో మార్పు లేదు, అయితే దాని మోతాదును వైద్యులే మార్చాలి.